మా శిరీష పెళ్ళిలో నేను కాపాడిన ముఖాలు

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఒక పెళ్ళిని నేను చట్టప్రకారం పాడుచేసిన కథ. వాన రాలేదు, వంట మాడలేదు. చెడిందంతా నా చదువు వల్లే.

అప్పట్లో నేను కుర్ర మానవహక్కుల లాయర్ని. కొత్త కొత్త యంత్రాలు మనుషుల హక్కుల్ని ఎక్కడ తొక్కేస్తాయో కంపెనీలకు సలహాలు చెప్పేవాణ్ణి. సెలూన్లో అద్దం చూసినా, ‘ఇందులో నా బొమ్మ ఎంతసేపు ఉంటుంది?’ అని అనుమానపడే రకం.

మార్కాపురంలో బట్టల దుకాణం ఉన్న మా చిన్నాన్న కూతురు శిరీష పెళ్ళి. దాన్ని పెంచిన మా నాయనమ్మ, మేం జేజి అంటాం, కాలు విరిగి కొనకనమిట్లలో మంచం మీద ఉంది. “ఆల్బమ్ తెచ్చి చూపియండిరా, నా బిడ్డ మొకం చూసుకుంటా” అని పదేపదే చెప్పి పంపింది.

మండపం గేటు దగ్గర ఒక తెర, దానికో కెమెరా. వచ్చినవాళ్ళ ముఖాలు గుర్తుపట్టి, ఎవరి ఫోటోలు వాళ్ళ ఫోన్లకు పంపుతుందట. ఫోటోగ్రాఫర్ మస్తాన్ మురిసిపోతూ చూపించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఎవర్ని అడిగి పట్టుకుంటున్నావయ్యా ఈ ముఖాలు?”

“పెండ్లికి వచ్చినోళ్ళవే గద సార్!”

“అయితే? ప్రతి మనిషీ నోరు తెరిచి సమ్మతి చెప్పాలి. చెప్పనివాళ్ళ ముఖం మసక చేసెయ్యి.”

“ఆ ఆప్షన్ ఉంది సార్. గానీ...”

“గానీ లేదు, గీనీ లేదు. మసక చెయ్యని అసలు ఫోటోలు కూడా నీ దగ్గర ఉండకూడదు. చెరిపెయ్యకపోతే నోటీసు పంపిస్తా!”

నోటీసు అనగానే పాపం మస్తాన్ గబగబా ఆ ఆప్షన్ నొక్కేశాడు. సమ్మతి ఎలా చెప్పాలో అందరికీ తెలియాలని నేనే తెర ముందు నిలబడి, గొంతు సవరించుకుని, “నా ముఖం వాడుకోవడానికి నాకు సమ్మతమే” అని చెప్పి చూపించాను. తర్వాత మైకు లాక్కుని, అందరూ వచ్చి అలాగే చెప్పాలని ప్రకటించాను.

గిద్దలూరు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు మేనమామ మీదికొచ్చాడు.

“ఏంది సామీ! మేమేమన్నా దొంగలమా, వచ్చి మొకాలు ఒప్పజెప్పను?”

“అది కాదండీ, మీ హక్కును...”

“హక్కు ఏడికీ పోదు గానీ, ఆడ పప్పు చల్లారిపోతంది, జరుగు!”

“సమ్మతి అంటే ఆధార్ కార్డు గూడా అడుగుతారంటమ్మే” అని ఎవరో పెద్దమ్మ అంది. అంతే, గేటు దగ్గర పురుగు లేదు. ఇలాంటి జనం కోసమా నేను ఇంత చదివింది! మస్తాన్ చెప్పినట్టు చేస్తున్నాడో లేదో చూద్దామని పెళ్ళి అయ్యేదాకా వేదిక మీదే కాపలా ఉన్నాను.

పదిహేను రోజులకు ఆల్బమ్ వచ్చింది. అందరం జేజి మంచం చుట్టూ చేరాం. జేజి కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి పేజీ తిప్పింది. తలంబ్రాలు పోస్తున్న చేతులు, పైన ముఖం ఉండాల్సిన చోట పొగ. తాళి కడుతున్న చేతులు, పైన పొగ. చిన్నాన్న పళ్ళు నూరుతూ మస్తాన్‌కు ఫోన్ కలిపాడు.

“సార్ చెప్పినట్లే చేసినా సేటూ. పెండ్లికూతురు సమ్మతి చెప్పలేదు గద! అసలువన్నీ చెరిపేసినా.”

“పీటల మీద కూసున్నదాన్ని, దిగొచ్చి ఎట్ల చెప్పల్లన్నా?” అని శిరీష బావురుమంది. చుట్టాలు తమ ఫోన్లలో తీసుకున్నవి వెతికితే, అన్నింట్లోనూ శిరీషకు అడ్డంగా మస్తాన్ వీపే.

జేజి మాత్రం చివరి పేజీ దాకా తిప్పి, నన్ను ఎగాదిగా చూసింది.

“ప్రతి దాంట్లో నీ మొకం ఒకటే నిగనిగలాడతంది గదరా. ఇంతకూ పెండ్లి ఎవురికైందిరా, నీకా?”

కాబట్టి పాఠకులారా, ఆ ఆల్బమ్ సాక్షిగా, అందులో కనబడుతున్న ఒకే ఒక్క ముఖం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒంట్లో ఊపిరి ఉండగా మళ్ళీ ఏ పెళ్ళిలోనూ ఎవరి హక్కులూ కాపాడను. పిలిస్తే వెళ్తాను, పప్పు చల్లారకముందే తింటాను, వచ్చేస్తాను.