కంచాల లెక్క

మొన్న ఉదయం మా గేటు దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో ఫోను. ఏదో సర్వేనట. "ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?" అని అడిగింది. ఉండేది ఇద్దరం, నేనూ మా ఆయనా. చెప్పడానికి క్షణం పట్టదు. కానీ ఆ ప్రశ్న చెవిన పడగానే జవాబు మాని నవ్వేశాను. పెద్దావిడ, మతిమరుపు కాబోలు అనుకుంది పాపం. "తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి" అంది. నిజంగానే ఆలోచించుకుని చెప్పాల్సిన ప్రశ్న అది. ఆ సంగతి ఆ పిల్లకేం తెలుసు? లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చాను.

అరవైల మొదట్లో నేను నెల్లూరులో పిన్ని ఇంట్లో ఉండి బి.ఏ. చదివేదాన్ని. మా ఊరు చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే, కాలువ పక్కన. అర్థశాస్త్రం తీసుకున్నవాళ్ళలో సగం మందిమి లెక్కలకో దణ్ణం పెట్టి పారిపోయి వచ్చినవాళ్ళమే. పి.యు.సి. ఎలాగో గట్టెక్కి, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకునేలోగా, అర్థశాస్త్రం వాళ్ళకీ గణితం పేపరు ఒకటి ఉందన్నారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఆ పేపరు చెప్పడానికి వచ్చిన మేడమ్ నెల్లూరు క్రైస్తవుల ఇంటి ఆవిడ. తెల్లటి నూలు చీర, నల్ల గొడుగు, చాక్‌పీసు పొడితో ఎప్పుడూ తెల్లగా ఉండే కుడి చెయ్యి. మనుషుల గురించి చదివే మాకు లెక్కలెందుకండీ అని ఒక పిల్ల ధైర్యం చేసి అడిగింది. "ఒక్క మనిషి గురించయితే కథ చెప్పొచ్చు. ఊరందరి గురించి చెప్పాలంటే లెక్కే చెప్పాలి" అన్నారావిడ.

ఆవిడ సరళరేఖ సమీకరణం చెప్పిన రోజు నాకింకా గుర్తే. బోర్డు మీద పడవ బొమ్మ వేశారు. ఖాళీ పడవ కూడా నీళ్ళలో కొంత మునుగుతుంది కదా, అది ఒక అంకె. ఆపైన వేసే ప్రతి కట్టెల మోపుకీ ఇంకాస్త దిగుతుంది, ఆ ఇంకాస్త ఇంకో అంకె. అంతేనమ్మా సమీకరణమంటే అన్నారు. మద్రాసుకి సరుగుడు కట్టెలు మోసుకుపోయే పడవలు మా ఊరి కాలువలో పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. వాటిలో ఇంత విషయం ఉందని కలలో కూడా అనుకోలేదు. ఆ రోజంతా ఏదో కనిపెట్టినదానిలా తిరిగాను. అయితే అర్థం కావడం వేరు, పరీక్షలో రాయడం వేరు. అర్ధ సంవత్సరం పరీక్షలో తప్పాను.

మా ఇంటికి పెద్ద మా పెదనాయన. ఆయన మాటే మాట. ఎనిమిదో తరగతిలో అక్క చదువు మాన్పించి, పెళ్ళి చేసి పంపించేసింది ఆయనే. పిన్ని ఇంటికి బియ్యం మూట ఇవ్వడానికొచ్చి సంగతి విన్నాడు. "ఏందిమే, లెక్కల్లో పోయినావంట? ఈ తూరి పోయినావంటే పెట్టె సర్దుకోని ఇంటికొచ్చేయ్. చదివింది చాల్లే" అన్నాడు. అరవలేదు, కోప్పడలేదు. అందుకే భయమేసింది. మర్నాడు మేడమ్ దగ్గరికెళ్ళి ఏడ్చాను. ఆవిడ రుమాలు ఇవ్వలేదు, పని ఇచ్చారు. సెలవుల్లో ఊరికెళ్ళి ఏ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో రాసుకొచ్చి, సగటు కట్టి చూపించాలి. అది సరిగ్గా చేస్తేనే పెద్ద పరీక్షకి నా పేరు పంపుతానన్నారు.

ఇంతేనా అనుకున్నాను. మొదటి ఇంట్లోనే చుక్కెదురైంది. "పిల్లోళ్ళని లెక్కబెడతారామే ఎవురన్నా? దిష్టి తగల్దా?" అని ఆ ఇల్లాలు నా ఎదురుగానే పిల్లలకి ఉప్పు దిగదుడిచి పారేసింది. రెండో ఇంట్లోనూ అంతే. మనుషుల్ని అంకెల్లో చెప్పడమంటే మా వైపు కీడు. నేను మొహం వేలాడేసుకుని ఇంటికొస్తే, మా జేజి, అంటే నాయనమ్మ, వక్క నములుతూ ఉపాయం చెప్పింది. "మనుషుల్ని ఎందుకు అడగతావు? అన్నాలైనాక ఎన్ని కంచాలు కడిగినారో అడుగు. కంచాలకి దిష్టేంది?" అని తనే నా వెంట బయలుదేరింది. ఇక చూడండి, ఊరు ఊరంతా గడగడా చెప్పేసింది. చంటిబిడ్డలున్న ఇంట్లో ఉగ్గుగిన్నెని కూడా కలపమని జేజి గుర్తు చేసేది. ఆవిడ తెలివికి నేను మురిసిపోయాను.

సగటు కట్టుకుని గర్వంగా మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, మీ వైపు సంసారాలు ఇంత చిన్నవా అన్నారు. ఎలా అడిగి రాశానో చెప్పాను.

"బాగుంది. నీకు బాగా తెలిసిన ఇల్లు ఒకటి తీసుకుని సరిచూశావా?"

చూడలేదు. అక్కడే మా ఇల్లు తీశాను. కంచాలు ఏడు. వేళ్ళ మీద మనుషుల్ని లెక్కపెడితే తొమ్మిది. ఏ కంచం ఎవరిదో ఒక్కొక్కటే చూసుకున్నాను. జేజి, పెదనాయన, నాయన, పెదనాయన కొడుకులిద్దరు, తమ్ముడు, నేను.

"మా అమ్మ లేదండీ" అన్నాను. "పెద్దమ్మ కూడా లేదు."

"ఎక్కడికెళ్ళారు?"

ఎక్కడికీ వెళ్ళలేదు. అమ్మ నాయన తిన్న కంచంలోనే తినేది, పెద్దమ్మ పెదనాయన కంచంలో. ఊళ్ళో ఏ ఇల్లాలైనా అంతే. తాత పోయాడు గనక జేజికి కంచం ఉంది. ఉగ్గుగిన్నెని కలిపిన లెక్కలో అన్నం వండినవాళ్ళు లేరు. ఇంత కాలం ఆ ఇంట్లో తింటూ నేనది చూడలేదు. అయితే ఇంటికొకటి చొప్పున కలిపేస్తే సగటు కూడా ఒకటి పెరుగుతుంది, కలిపేద్దామా అని మేడమ్ అడిగారు. "కుదరదండీ. మా ఇంట్లో ఇద్దరు తప్పిపోయారు. మొగుడు పోయిన ఆమె ఒంటరిగా ఉండే ఇంట్లో ఎవరూ తప్పిపోలేదు. మళ్ళీ అడగాల్సిందే" అన్నాను. ఆవిడ మొహం విప్పారింది.

ఆ శనివారం మళ్ళీ ఊరికెళ్ళాను. సంగతి చెప్పగానే జేజి నెత్తి కొట్టుకుంది. "నా బుర్ర మండ! ఉగ్గుగిన్నెలు గుర్తొచ్చె, కోడండ్లు గుర్తురాలేదే!" ఈసారి మొగుడి కంచంలో తినేవాళ్ళెవరని అడిగాం. ఆడవాళ్ళు పైట అడ్డం పెట్టుకుని నవ్వారు, నేనంటే నేనని చెప్పారు. అరుగు మీద కూర్చున్న పెదనాయన మళ్ళీ ఈ తిరుగుడేందని గద్దించాడు. నాకెక్కడిదో ధైర్యం వచ్చింది. "మన ఇంట్లో తొమ్మిదిమందిమి పెదనాయనా. లెక్కలో ఏడుగురమే వచ్చినాం" అని మొత్తం చెప్పాను. ఆయన కండువా భుజాన వేసుకుని పొలానికెళ్ళిపోయాడు. నా చదువు అయిపోయిందనే అనుకున్నాను.

మేడమ్ నా పేరు పంపారు. పేపరు గట్టెక్కింది. ఫలితాలొచ్చాక ఒకరోజు పెదనాయన గూడూరు నుంచి గోనెసంచి పట్టుకుని వచ్చాడు. అందులోంచి రెండు కొత్త కంచాలు తీసి నా ముందు పెట్టాడు. "మీ అమ్మకొకటి, మీ పెద్దమ్మకొకటి. ఇప్పుడు సరిపోయిందా నీ లెక్క?" అన్నాడు. పెట్టె సర్దుకోమని మాత్రం అనలేదు. వచ్చే ఏటికి ఏ పుస్తకాలు కావాలో కనుక్కోమన్నాడు. నేను వంటింట్లోకి పరుగెత్తి అమ్మని కరుచుకుని ఏడ్చాను.

ఆ కంచాల్లో వాళ్ళు వెంటనే తిన్నారనుకునేరు. పెద్దమ్మ తన కంచాన్ని కుండ మీద మూతగా పెట్టింది. అమ్మ తనదాంట్లో వడియాలు ఎండబెట్టింది. జేజి తిట్టినా వినలేదు. నేను బి.ఏ. చివరి ఏడాదిలో ఉండగా ఒకసారి చెప్పకుండా ఊరికొచ్చాను. నాయన పొలం నుంచి రాకముందే అమ్మ వంటింటి గడప దగ్గర తన కంచం ముందు పెట్టుకుని, పొగలు కక్కే అన్నంలో పులుసు కలుపుకుంటోంది. నన్ను చూసి సిగ్గుపడి, "ఆకలైందిమే" అంది. కాలం మారింది, కాలం మారింది అంటారు. మా ఇంట్లో మాత్రం అది వడియాలు ఎండేదాకా ఆగి, అమ్మకి ఆకలేసిన పూట నెమ్మదిగా వచ్చి పక్కన కూర్చుంది.