ఆటలో రాయండి మాస్టారూ

వంతాల బేబికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు. ఆవిడ ఒక మిషన్ ఆస్పత్రిలో పుట్టింది. నర్సు కాగితం మీద తల్లి పేరు రాసి, పక్కన ‘బేబి’ అని రాసింది, అంతే. ఆ కాగితమే బడికి వెళ్ళింది, బడి నుంచి రేషన్ కార్డుకి, అక్కడి నుంచి ఆధార్‌కి. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చి, ఆశ్రమ పాఠశాలలో సోషల్ టీచరై, ఆడపిల్లల గైడ్స్ జట్టుకి కెప్టెన్ అయినా ఆవిడ బేబీయే.

"కాయితం మీద ఒకసారి ఎక్కిందంటే ఇంక దిగదు మాస్టారూ. అందికే ఏటి ఎక్కుతుందో సూసుకోవాల" అంటుంది.

ఆ మాట నాతో నాలుగైదు సార్లు అంది. నేను సరిగ్గా విన్నది మాత్రం ఒక్కసారే, అదీ నలుగురిలో తల దించుకున్నాక.

నా పేరు వరహాలరావు. లెక్కల మాస్టర్ని. మాది చోడవరం దగ్గర పల్లె. కొండెక్కి పద్దెనిమిదేళ్ళయింది. అరకు చుట్టూ నాకు తెలియని దారి లేదని, తెలియని మనిషి లేడని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. నిరుడు డిసెంబరులో మా బడి మైదానంలో మూడు రోజుల స్కౌట్ల క్యాంపు పెట్టారు. కిందనుంచి ఎనిమిది బళ్ళు వచ్చాయి. రెండో రోజు నిధి వేట. చీటీల్లో పొడుపుకథలు, కంపాస్ పట్టుకుని దిక్కులు వెతకడం, చివర ఒక రేకు డబ్బా. దాని బాధ్యత నాది. పొడుపుకథలు రాసింది కూడా నేనే. నాలో ఒక కవి ఉన్నాడని నాకు చాలాకాలంగా అనుమానం.

క్యాంపుకి వారం ముందు బేబి ఫోన్ చేసింది. "మాస్టారూ, మా గుంటలు ఆరుగురిని ఆటలో రాయండి."

"అలాగేనమ్మా" అన్నాను. రాశాను.

మొదటి రోజు పొద్దున పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి బోర్డు చూసింది. నిధి వేట కింద ఎనిమిది జట్లున్నాయి. ఆవిడ పిల్లల పేర్లు అందులో లేవు. అవి ఇంకో కాగితం మీద, ‘అతిథులకు స్వాగతం, థింసా నృత్యం’ అన్న దాని కింద ఉన్నాయి.

"ఆటలో రాయమన్నాను గదా మాస్టారూ."

"ఆటలోనే రాశానమ్మా."

"ఇది ఆటేటి?"

నేను తెలుగు మీద నెపం పెట్టాను. పందెమైనా ఆటే, నృత్యమైనా ఆటే, ఆ మాట అలా ఉంటే నేనేం చేయను అన్నాను. అబద్ధం. తప్పు తెలుగుది కాదు, నాది. చోడవరం బడి వాళ్ళు ఫోన్ చేసి ఆటలో రాయమంటే ఏ ఆట అని అడిగేవాణ్ణి. కొండ మీద ఆడపిల్లల బడి అనగానే నా చెయ్యి దానంతటదే థింసా కింద రాసేసింది. పద్దెనిమిదేళ్ళ అలవాటు మరి.

అప్పుడు చెప్పింది బేబి తన సంగతి. ఎనిమిదో తరగతిలో ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఆవిణ్ణి మించినవాళ్ళు డివిజన్‌లో లేరట. పోటీల రోజు గీత దగ్గర నిలబడి ఉంటే, పెద్దలెవరో వస్తున్నారని వార్డెన్ వచ్చి చెయ్యి పట్టుకు లాక్కెళ్ళింది. చీర కట్టి, తలలో పువ్వులు పెట్టి, వరసలో నిలబెట్టింది.

"ఒకపక్క పందెం జరిగిపోతంది. ఇంకోపక్క నేను నడుం వొంచి ఆడతన్నాను. నాకంటే ఎనకాల వొచ్చే గుంట ఫస్టొచ్చింది. ఆ కప్పు నేనే అందించినాను మాస్టారూ, పళ్ళెంలో పెట్టి."

ఏడుస్తూ చెప్పలేదు. కోపంగా చెప్పింది. ఇరవయ్యేళ్ళు దాటినా ఆ కోపం చల్లారలేదు, చల్లారకూడదు కూడా అని నాకనిపించింది.

క్యాంపు పెద్ద గోపాలకృష్ణగారు. రిటైరైన హెడ్మాస్టరు, విశాఖ నుంచి వచ్చారు. మర్యాదగా మాట్లాడతారు, వినడం తక్కువ. బేబి నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళింది.

"చూడమ్మా, రేపు సాయంత్రం అతిథులొస్తున్నారు. మీ పిల్లల ఆట చూడాలనే అంతదూరం నుంచి వస్తున్నారు."

"మా గుంటల్ని సూడ్డానికొత్తే, పరిగెత్తినప్పుడు సూడమనండి సార్."

"థింసా మీ సంస్కృతి కదమ్మా. నామోషీ దేనికి?"

"నామోషీ ఏటండి? ఇటుకల పండక్కి పగలంతా మేమే ఆడతాం. మా కాళ్ళు, మా పండగ. మీ కుర్సీల ముందర ఆడం. పందెంలో రాత్తే ఉంటాం, లేదంటే ఇప్పుడే జీపెక్కిపోతాం."

గోపాలకృష్ణగారికి మండింది. కానీ అతిథుల ముందు థింసా లేకపోతే ఆయన పరువు పోతుంది. కాసేపాలోచించి బేరం పెట్టారు. పిల్లలు వేటలో పరిగెత్తొచ్చు. మొదటి మూడు జట్లలో వస్తే సరే. రాకపోతే సాయంత్రం థింసా ఆడాలి, ఇంకెప్పుడూ ఈ గొడవ ఎత్తకూడదు.

"ఇంట గెలిచి రచ్చ గెలవాలమ్మా" అని ఒక సామెత కూడా వేశారు.

"ఇది మా ఇల్లే సార్. రచ్చకొచ్చింది మీరు" అని బేబి ఒప్పేసుకుంది.

పిచ్చిదనుకున్నాను. కింద బళ్ళ పిల్లలు ఏడాది పొడుగునా కంపాస్‌తో సాధన చేసినవాళ్ళు. ఈవిడ పిల్లలకి కంపాస్ అంటే లెక్కల డబ్బా ఒక్కటే తెలుసు. జాలిపడి నాది ఇచ్చాను. జట్టు నాయకురాలు సుజానా, ఎనిమిదో తరగతి పిల్ల, దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇటు తిరిగింది, అటు తిరిగింది.

"ఎటు తిప్పినా ఇది దాని పంతమే పడతంది మేడం" అంది.

"అయితే అది మన జట్టే" అంది బేబి.

మర్నాడు మంచు విడవకముందే వేట మొదలైంది. నా చీటీల్లో ఒకటి ఇలా ఉంది: ‘ఆకు అన్నం పెడుతుంది, తీగ దుంగను లాగుతుంది.’ కింది బళ్ళ పిల్లలు ఆకు, అన్నం అనగానే వంటింటి వెనక అరటి చెట్ల మీద పడ్డారు. సుజానా జట్టు నవ్వుకుంటూ, ఆకుతో విస్తళ్ళు కుట్టి నారతో తాళ్ళు పేనే అడ్డతీగ దగ్గరికి పోయింది. ఇంకొకటి: ‘పువ్వు తెలుపు, పండు ఎరుపు, పొడి నలుపు. ఊరంతా పండిస్తుంది, ఊళ్ళో ఎవడూ తాగడు.’ మిగతావాళ్ళు తల గోక్కుంటుంటే ఈ ఆరుగురూ కాఫీ తోటలో ఉన్నారు. ఆఖరి చీటీ అందుకుని పెద్ద బండ దగ్గరికి అందరికంటే ముందు వాళ్ళే వచ్చారు. నేను అక్కడే కాపలా ఉన్నాను. లోపల్లోపల సంతోషించాను కూడా.

ఆఖరి చీటీ ఇది: ‘పెద్ద బండ మీద నిలబడి ఈశాన్యం చూడు. కూతవేటు దూరంలో నిధి నీకోసం కూర్చుంది.’

ముందు ‘వంద అడుగులు’ అని రాశాను. చప్పగా ఉందనిపించి కొట్టేసి ‘కూతవేటు’ అని రాశాను. లెక్కల మాస్టరు కవిత్వం జోలికి పోతే ఇలాగే తగలడుతుంది.

సుజానా బండెక్కి కంపాస్ చూసుకుంది. ఈశాన్యానికి తిరిగింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "ఓ..." అని కూత వేసింది.

నేను తెల్లబోయాను. కూత కింద పారే గెడ్డ దాటి అవతలి కొండకి పోయింది. కాసేపటికి అక్కణ్ణుంచి "ఓ..." అని సన్నగా జవాబొచ్చింది. అంతే, ఆరుగురూ వాలులోకి దూకారు. సిల్వర్ ఓక్ చెట్టు మొదట్లో, మిరియాల తీగ కింద నేను దాచిన డబ్బాకి మూడు బారల దూరం నుంచి దాన్ని దాటుకుని వెళ్ళిపోయారు. అరవబోయి నోరు మూసుకున్నాను. కాపలా ఉన్నవాడు మాట్లాడకూడదని నియమం పెట్టింది కూడా నేనే.

కాసేపట్లో కిరణ్ అనే కుర్రాడి జట్టు వచ్చి పది నిమిషాల్లో డబ్బా పట్టుకుంది. పదకొండయ్యేసరికి ఎనిమిది జట్లూ డబ్బాలోంచి టోకెన్లు తీసుకుని మైదానానికి చేరాయి. సుజానా వాళ్ళు పన్నెండున్నరకి వచ్చారు. మోకాళ్ళ దాకా తడిసి, ఒళ్ళంతా గీరుకుపోయి ఉన్నారు. చేతిలో చోడి కంకుల కట్ట, మా కింద రాగులంటారే, అవి.

సుజానా దాన్ని గోపాలకృష్ణగారి బల్ల మీద పెట్టింది. "నిధి సార్."

మైదానం మొత్తం నవ్వింది. గోపాలకృష్ణగారు కూడా నవ్వి, "తొమ్మిదో స్థానం. సాయంత్రం నాలుక్కి తయారుగా ఉండండమ్మా" అన్నారు.

సుజానా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బేబి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి నా వైపు తిరిగింది.

"ఆఖరి సీటీ సదవండి మాస్టారూ."

చదివాను.

"కూతవేటంటే ఎంత?"

"వంద అడుగులుంటుందమ్మా. దగ్గర్లోనే అని."

"ఎవులు సెప్పినారు? మాకాడ కూతేత్తే పలకాల. పలికినోడి కాడికి కూతవేటు. ఎవులూ పలక్కపోతే అది కూత కాదు, ఒట్టి అరుపు. మీ సీటీలో నిధి కూకుందని ఉంది. అవతల సోంబరు తాత సేను కాసుకుంటా కూకున్నాడు, పలికినాడు. మా గుంటలెళ్ళినారు, కంకులిచ్చి పంపినాడు. తప్పేటి?"

"బాగుంది. అవతలి కొండ మీద మనిషికి ఇక్కడి కూత వినిపిస్తుందా? పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఎలా?" అన్నారు గోపాలకృష్ణగారు.

"రండి. కాళ్ళు లెక్కెడదాం."

అందరం బండ దగ్గరికి వెళ్ళాం. తొమ్మిది జట్లూ, మాస్టర్లూ, వంటవాళ్ళు కూడా.

"మీరే ఎయ్యండి మాస్టారూ. సీటీ మీదే గదా" అంది బేబి.

ఇన్నాళ్ళూ క్లాసులో అరిచిన గొంతే ఇది. బండెక్కి నిలబడ్డాను. ఎవరూ పలక్కపోతే ఆ ఆరుగురి చేత సాయంత్రం చీరలు కట్టించేది నేనే అవుతాను. ఊపిరి నిండా పీల్చి "ఓ..." అన్నాను. కూత గెడ్డ మీదుగా వెళ్ళింది. ఏమీ లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. బేబి కదల్లేదు.

అవతలి నుంచి "ఓ..." అని వచ్చింది. దాని వెనకే, సాగదీసి, ఒక్కొక్క అక్షరం స్పష్టంగా: "గుంటలు... సేరినారా..."

చేను వదిలి రాలేని ముసలాయన, పిల్లలు గెడ్డ దాటి క్షేమంగా చేరారో లేదోనని ఇంతసేపూ చెవి ఒగ్గి కూర్చున్నాడు. మేం నవ్వుతున్నంతసేపూ అలాగే కూర్చుని ఉన్నాడు.

"సేరినారు తాతా!" అని బేబి కూత వేసింది.

ఇంక దాచడానికేం లేదు. "తప్పు నాది సార్. నా చీటీలో ఏం రాసి ఉందో అది చేసింది ఈ ఒక్క జట్టే. మిగతా ఎనిమిది జట్లూ డబ్బా దగ్గరికి వెళ్ళాయి" అన్నాను.

గోపాలకృష్ణగారి మొహం ముడుచుకుంది. ఇంతలో కిరణ్ అన్నాడు, "అవును సార్, మేం కూత వెయ్యలేదు. ఊరికే చుట్టూ వెతికాం."

ఆయన నా చేతిలోంచి చీటీ తీసుకుని ఆఖరి మాట దాకా చదువుకున్నారు. చివరికి, "సరే. వీళ్ళకీ మొదటి స్థానం ఇస్తున్నాను. కప్పు కూడా చెరో ఏడాది ఉంచుకోండి" అన్నారు.

"కప్పు ఆళ్ళకే ఉంచండి సార్. ఆళ్ళూ కట్టపడినారు. మా గుంటల పేర్లు ఆటలో రాయండి, సాలు."

నేను స్కెచ్ పెన్ తీసుకుని బోర్డు దగ్గరికి నడిచాను. బేబి నా చేతిలోంచి పెన్ తీసుకుని సుజానాకి ఇచ్చింది. మళ్ళీ నా చేతికి అప్పగించేంత తెలివితక్కువది కాదు.

సుజానా రాసింది. కొర్రా సుజానా నుంచి మొదలుపెట్టి ఆరుగురి పేర్లూ ఇంటిపేర్లతో సహా రాసింది. ఒక ఒత్తు తప్పితే కొట్టేసి మళ్ళీ రాసింది. భోజనాల గంట కొట్టినా ఎవరూ కదల్లేదు, గోపాలకృష్ణగారితో సహా.

సాయంత్రం నాలుగింటికి అతిథులొచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. మైకు పట్టుకున్న కుర్రమాస్టరు పాత కాగితం చూసి చదివేశాడు: "ఇప్పుడు ఆశ్రమ పాఠశాల బాలికల ఆట!"

చప్పట్లు కొట్టారు. మూడో వరసలో స్కార్ఫులు కట్టుకుని కూర్చున్న ఆరుగురూ లేవలేదు. చప్పట్లు ఆగిపోయాయి. అతిథులు అటూ ఇటూ చూశారు. గోపాలకృష్ణగారు నావైపు చూశారు, నేను ఆకాశం వైపు చూశాను.

బేబి లేచి నిలబడింది. మైకు అక్కర్లేని గొంతు ఆవిడది.

"ఆడేసినారండి. పొద్దున్నే ఆడేసినారు. పేర్లు బోర్డు మీదున్నాయి, సూసుకోండి."