రెండు నూట పదిహేడులు

మా ఎదురింటి మేస్టారు పోయారని సోమవారం ఉదయం ఆయన చెల్లెలు రోడ్డు దాటి వచ్చి చెప్పింది. గుండెపోటు. యానాంలో ఆయన దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన రాయమన్నా నేను రాయకుండా వదిలేసిన వాక్యం ఒకటుంది. దాని కోసమే ఇది రాస్తున్నాను.

ఫరంపేటలో ఆయన ముందుగదిలో రెండు కంప్యూటర్లుండేవి. పడవలవాళ్ళ చేతికి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. తుపాను హెచ్చరిక రాగానే వేటకెళ్ళే వాళ్ళందరికీ మెసేజీ పంపే ప్రోగ్రాం రాసి ఆయన జాలర్ల సంఘానికి ఇచ్చారు. ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా దాన్ని మళ్ళీ మొదటినుంచి తయారుచేయాలి. దాన్నే బిల్డు అంటారు. ఒక కంప్యూటరు సర్వరుగా ఉండి ఆ పని చేయించేది, ప్రతి బిల్డుకీ వరుసగా ఒక నంబరు ఇచ్చేది. ఎలా తయారుచేయాలో రాసి ఉన్న స్క్రిప్టు ఆ నంబరునే తీసుకుని ప్రోగ్రాం మీద వేసేది.

"నంబరు ఒక్కచోటే పుట్టాలండి. రెండోవాడు అడిగి పుచ్చుకోవాలి" అనేవారు మేస్టారు. మాత్రల అట్ట వెనక బ్యాచి నంబరు చదవనిదే మందు వేసుకునేవారు కాదు. "ఇయ్యాళ పులుసు ఏ నంబరో కూడా చెప్పాలా అన్నయ్యా?" అని చెల్లెలు దెప్పేది. "చెప్తే మంచిదేగా. నిన్నటిది బావుంది, మళ్ళీ అదే కావాలంటే ఏమని అడగను?" అనేవారు.

కొన్నేళ్ళకు ఒక వానాకాలంలో సర్వరు పాడైంది. అదే సమయంలో కొన్ని ఫోన్లకు మెసేజీలు వెళ్ళడం లేదని తెలిసింది. తొందరలో ఆయన స్క్రిప్టులో నంబరు చేత్తో కొట్టి, రెండో కంప్యూటర్లో బిల్డు చేసి సంఘానికి పంపారు. అది 117. లోపం పూర్తిగా పోలేదు. సర్వరు బాగయ్యాక అన్నీ సరిచేసి మళ్ళీ బిల్డు చేశారు. చివరిసారి తాను ఇచ్చింది 116 కాబట్టి సర్వరు దీనికీ 117 ఇచ్చింది. ఆయన గమనించలేదు. సీడీ పంపి, మర్నాడు సంఘానికి ఫోన్ చేసి తెరమీద ఎంతుందని అడిగారు. "నూట పదిహేడండి" అన్నారు. సరిపోయిందనుకున్నారు.

ఆ వారమే తుపాను వచ్చింది. దరియాలతిప్ప నుంచి వేటకెళ్ళిన ఒకతను తిరిగి రాలేదు. బయల్దేరేదాకా ఫోన్‌కు మెసేజీ రాలేదని అతని భార్య చెప్పింది. ఇంకెవరికీ అలా కాకూడదని మేస్టారు ఆ రోజే పరుగున వెళ్ళి సంఘం కంప్యూటర్లో 118 వేశారు. దాంతో అంతకుముందు అక్కడున్నది లోపమున్న 117ఓ, సరిచేసిన 117ఓ ఎప్పటికీ తేలకుండా పోయింది.

"సాంకేతిక లోపం వల్ల" అని నేను మా పేపర్లో వార్త రాశాను. తెల్లారి ఆయన పేపరు పట్టుకుని వచ్చారు.

"ఈ సాంకేతిక లోపం ఎవరండీ? ఏ వీధిలో ఉంటాడు?"

"తేలకుండా మీరని ఎలా రాస్తానండీ?"

"తేలలేదనే రాయండి. రెండింటికీ ఒకే నంబరు పడింది నావల్లేనని రాయండి. అది తేలిందిగా!"

నేను రాయలేదు. అప్పట్లో దాన్ని జాగ్రత్త అనుకున్నాను. మొహమాటం అది.

నంబరు చేత్తో ఇస్తే బిల్డు ఆగిపోయేలా స్క్రిప్టు మార్చాక, ఆయన నన్ను వెంటబెట్టుకుని దరియాలతిప్ప వెళ్ళారు. తిరిగి రానతని భార్య చేపలు ఎండబెడుతోంది. జరిగింది చెప్పారు.

"మెసేజీ వత్తే మాత్రం ఆగేవోడా? ఆడు ఎవరి మాటా ఇనేవోడు కాదండి" అంది. చేపలు తిరగేస్తూ, "నన్నేం చెయ్యమంటారు మేస్టారండీ? తిట్టమంటారా?"

"తిట్టమ్మా."

"తిట్టను. మా తమ్ముడు ఏటకెళ్తన్నాడు. ఆడి ఫోన్‌కి వచ్చేలా చూడండి. మా ఆయన పేరు మాత్రం ఆ లిస్టులోంచి తియ్యకండి."

ఆయన తీయలేదు.

మేస్టారిని సమాధి చేసి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం తుపాను హెచ్చరిక వచ్చింది. మెసేజీ ఎవరికి అందిందో తెలిపే జాబితా మేస్టారింటి కంప్యూటరుకూ వస్తుంది. అదేమిటో చూడమని చెల్లెలు నన్ను పిలిచింది. ఒక్కో పేరు పక్కన "అందింది" అని పడుతోంది. అన్నీ అయ్యాక ఒక పేరు దగ్గర మాత్రం "మళ్ళీ ప్రయత్నిస్తోంది" అని ఉంది. అది దరియాలతిప్ప నుంచి వేటకెళ్ళి తిరిగి రానతని పేరని చెప్పాను. చెల్లెలు కుర్చీ లాక్కుని తెర ఎదురుగా కూర్చుంది.