మాస్టారి పొట్టి పట్టీల సంచీ

సన్నటి చినుకు పడుతున్నప్పుడు కరెంటు తీగ జుయ్యిమని మూలుగుతుంది. మొన్న చోడవరంలో మాడుగుల బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉంటే నెత్తి మీద ఆ చప్పుడు వినబడింది. వీపున బేస్ గిటార్ సంచీ ఉంది. ముప్పై నాలుగేళ్ళదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, నలుగురూ చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా ఉన్నచోటే మోకాళ్ళు వంచి కూలబడ్డాను. పక్కన జామకాయలు అమ్ముకునే ఆవిడ "ఏటమ్మా, కళ్ళు తిరిగేయా?" అంటూ నీళ్ళ సీసా అందించింది. కళ్ళేమీ తిరగలేదు. తీగ నాకు అందనంత ఎత్తులోనే ఉంది. అయినా బస్సు వచ్చేదాకా పైకి లేవలేదు. ఈ భయం నాకు నూకరాజు మాస్టారు పెట్టారు.

మాస్టారంటే బడి మాస్టారు కాదు. అనకాపల్లి రోడ్డులో ఆటోలకీ బైకులకీ సీటు కవర్లు కుట్టే కొట్టు ఆయనది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవారు. ఇంటర్ తప్పి, ఇంట్లో తిట్లు పడలేక, నేను ఆ కొట్లో రెక్సిన్ కుట్టడానికి చేరాను. అప్పటికే ఐదడుగుల పదకొండంగుళాల మనిషిని. "పైన వానొస్తందేటే?" అని నన్ను అడగని వెధవ మా వీధిలో లేడు. అందుకే మెడ వంచుకుని, భుజాలు ముడుచుకుని తిరిగేదాన్ని. మాస్టారు నాకంటే మరో రెండంగుళాలు పొడుగు. మొదటిరోజే నన్ను ఎగాదిగా చూసి, "పొడుగు గుంటా, నీ సేతులు సూడు, ఎంతెంత ఉన్నాయో! బేస్‌కి అలాటి సేతులే కావాల. నేర్సుకుంటావేటి?" అన్నారు. గుంట అంటే మావైపు ఆడపిల్ల. నా పొడుగు దేనికైనా పనికొస్తుందని ఒక మనిషి అనగా వినడం అదే మొదలు. ఆ సంతోషంలో ఆయన బావిలో దూకమన్నా దూకేదాన్నేమో.

వాయించడం ఏడాదిలో వచ్చింది. మోయడం మాత్రం రాలేదు. బేస్ మామూలు గిటార్ కంటే పొడుగు, బరువు. సంచీ పట్టీలేమో మామూలు ఎత్తువాళ్ళ కొలతకి కుడతారు. నేను తగిలించుకుంటే అది వీపు మీద పైకెక్కిపోయి, గిటార్ తల నా తలకి అడుగు పైన నిలబడేది. భుజాలు ఒరుసుకుపోయి రాత్రి కొబ్బరినూనె రాస్తే భగ్గుమనేవి. ఒకసారి రిసెప్షన్ హాల్లోకి వెళ్తూ, గుమ్మం కనబడగానే పొడుగువాళ్ళందరూ చేసే పనే చేశాను, తల వంచాను. నా తల దాటింది. సంచీ తల దాటలేదు. పై కమ్మీకి ఠంగున తగిలి నేను వెల్లకిలా పడ్డాను. మాస్టారు పరుగెత్తుకొచ్చారు. గిటార్ విరిగిందేమో చూస్తారనుకున్నాను. ఆయన నా నెత్తి తడుముతున్నారు.

"నీ పొడుగు నీ తలకాడ అయిపోలేదే! సంచీతో కలిపి ఏడడుగులు నువ్వు. ఈయాల గుమ్మం కాబట్టి బతికేవు. రేపు కరెంటు తీగైతే?" అన్నారు.

మర్నాడే నా సంచీకి పట్టీలు పొడుగు చేశారు. నడుముకి కట్టుకునే బెల్టు ఒకటి కుట్టారు. సంచీ కిందకి దిగి, గిటార్ తల నా చెవుల దగ్గరికి వచ్చింది. "బరువు బుజం మీద కాదు, నడుం మీద కూకోవాల. వంగాల్సొస్తే మెడ ఒంచకు, మోకాళ్ళు ఒంచు" అని చెప్పి, కొట్టు ముందు రెండు గుంజలకి అడ్డంగా పురికొస కట్టారు. దాని కిందనుంచి నన్ను అటూ ఇటూ నడిపించారు. సంచీ పురికొసకి తగిలిన ప్రతిసారీ, "సచ్చేవు. మళ్ళీ రా" అనేవారు. టీ కొట్టు దగ్గర జనం పోగై పడీ పడీ నవ్వారు. ఆరోజు నేను పదకొండుసార్లు చచ్చాను. ఇంటికెళ్ళి ఏడ్చాను కూడా. కానీ ఆ తర్వాత రోడ్డు మీద నడుస్తూ తలెత్తి తీగలు చూడటం మొదలుపెట్టాను. చెరకు చేల మీదుగా, ఒరిగిపోయిన స్తంభాల మధ్య అవి ఎంత కిందకి వేలాడతాయో అంతకుముందు ఎప్పుడూ గమనించలేదు. ఒకసారి గమనించాక భయపడకుండా ఉండటం కుదరలేదు.

మాస్టారి సంచీ మాత్రం పాత పొట్టి పట్టీలదే. "మీదీ సరిచేస్తాను, ఇలా ఇవ్వండి మాస్టారూ" అని ఎన్నిసార్లు అడిగానో. "నాకెందుకే? ముప్పై ఏళ్ళుగా మోస్తన్న ఈపిది" అని కొట్టిపారేసేవారు. ఊరందరి సీట్లకీ కొత్త కవర్లు కుట్టే ఆయన కుర్చీలో పీచు బయటికి వచ్చి ఉండేది. అదీ ఆయన తీరు.

కె.కోటపాడు వైపు ఒక ఊరి పండక్కి వెళ్తుండగా మా వ్యాను ఆగిపోయింది. ఫ్యాక్టరీలో చెరకు దించి ఖాళీగా వస్తున్న ట్రాక్టరు ట్రాలీ కనబడితే, సామానుతో సహా ఎక్కేశాం. ఇంకా పొద్దుంది. ట్రాలీలో అందరం కింద కూర్చున్నాం, మాస్టారు సంచీ వీపున ఉంచుకునే. ఎదర, చేనుకి అడ్డంగా వెళ్ళే తీగ రోడ్డు మీదికి బాగా దిగి ఉంది. అది ముందుగా చూసింది మాస్టారే. మాకు చెప్పాలని ఆయన దిగ్గున లేచి నిలబడ్డారు. "తీగొస్తంది! ఎవులూ లెగకండర్రా!" అని మా వైపు తిరిగి అరిచారు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, తాను నిలబడి ఉన్న సంగతి ఆయనకి తోచలేదు. తోచాకైనా ఏం చేశారు? అలవాటుగా మెడ వంచారు. వీపు మీద పొట్టి పట్టీల సంచీ అలాగే నిలువునా ఉంది. దానిలోపల ఇనప తీగలున్న గిటార్.

"మాస్టారూ, కూర్చోండి" అనబోయాను. దేవుడి తోడు, గొంతు పెగల్లేదు. ట్రాలీ వెళ్తూనే ఉంది. నాకు తెలియకుండానే "ఒరే! కూకోరా!" అని కేకేసి, రెండు చేతులతో ఆయన ప్యాంటు బెల్టు పట్టుకుని కిందకి లాగాను. ఆరడుగుల మనిషి నా మీద దభీమని పడ్డారు. తీగ మా పైనుంచి వెళ్ళిపోయింది. డ్రైవరుకి అసలేమీ తెలియదు, పాట పాడుకుంటున్నాడు.

ఆ సాయంత్రం మాస్టారు తనవల్ల కాదంటే నేనే వాయించాను. ఆయన స్టేజీ మెట్ల మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాకు ఇంకో దిగులు పట్టుకుంది. తండ్రి వయసు మనిషిని, విద్య చెప్పినవారిని, అందరి ముందూ ఒరే అన్నాను. ప్రోగ్రాం అయ్యాక కాళ్ళ మీద పడ్డాను. "నోరు జారింది మాస్టారూ."

ఆయన నన్ను లేపి పక్కన కూర్చోబెట్టుకున్నారు. తర్వాత మెల్లిగా, "మా అమ్మ పోయేక నన్ను ఒరే అన్నోళ్ళు లేరే. మళ్ళీ నేను లెగిస్తే మళ్ళీ అను" అన్నారు. మర్నాడు పొద్దున్నే సంచీ తెచ్చి నా మిషను మీద పెట్టి, "కుట్టు" అన్నారు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికారాయన. గుండెనొప్పితో, సొంత మంచం మీద, నిద్రలో పోయారు. నేను ఇప్పటికీ బేస్ నడుం మీదే మోస్తున్నాను. ట్రాలీలో ఎవరు లేచినా ఒరే అనే అరుస్తున్నాను. పోయిన నెల ఒక పెళ్ళికొడుకు తండ్రిని అలాగే అన్నాను. పరువు పోయిందని ఆయన మండిపడ్డాడు, ఇక ఆ ఇంటినుంచి పిలుపు రాదు. రాకపోతే మానె. నా పొగరు గురించి ఊళ్ళో ఏమనుకున్నా నాకు పట్టదు.

నన్ను నిద్ర పోనివ్వనిది వేరే ఉంది. అప్పుడప్పుడూ ఒక కల వస్తుంది. అదే ట్రాలీ, అదే తీగ. కలలో నా గొంతు చక్కగా పెగులుతుంది. ఎంతో మర్యాదగా, "మాస్టారూ, కూర్చోండి" అంటాను. ఆయన నా వైపు తిరిగి, నవ్వుతూ, "ఏటే గుంటా?" అంటారు, నిలబడే.