ఎవరూ విప్పి చూడని ఫైలు

షాద్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్లు చూసే రోజారమణికి అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలవాడు కళ్లెదుటే ఉండగా పాలలో వేలు ముంచి చూస్తుంది. పెళ్లిచూపులకు వచ్చిన దినేశ్‌నే ఆధార్ కార్డు అడిగిందంటే ఇక చెప్పేదేముంది! పాపం, అతను చూపించాడు కూడా.

ఆమె పుట్టిల్లు నారాయణపేట. తండ్రి వెంకటరాజం చీరలు నేస్తాడు. కొత్త అంచు మగ్గం మీద ఉన్నన్నాళ్లూ తలుపు మూసుకునే నేస్తాడు, తోడబుట్టిన తమ్ముణ్ని కూడా లోపలికి రానివ్వడు. గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టీ పెట్టీ ఆయన కళ్లు పోతున్నాయని, అంచులు గీసే ప్రోగ్రాము ఒకటి రోజారమణి రాసింది. పేటలో నలభై ఇళ్లవాళ్లు ఇప్పుడు దాన్నే వాడుతున్నారు.

ఆ ప్రోగ్రాము కోడంతా ఇంటర్నెట్‌లో, గిట్ అనే చోట అందరికీ కనబడేలా ఉంటుంది. ఏ వరుసను ఎవరు ఎప్పుడు మార్చారో అక్కడ తెలిసిపోతుంది. శ్రీశైలం అనే పేరుతో ముఖమెరగని మనిషి ఒకడు సాయానికి వచ్చాడు. అతను మార్చిన ప్రతి వరుసనూ ఆమె మూడేసిసార్లు చదివేది. చంటిపిల్లతో తీరిక లేక, కొత్త వెర్షన్‌ను జిప్ ఫైలుగా కట్టి నేతగాళ్లకు అందించే పని మాత్రం అతనికే వదిలేసింది.

మొన్న ఆషాఢంలో ఆఫీసులో పక్క సీటు శ్యామలమ్మ మరమగ్గం చీర కట్టుకొచ్చింది. రోజారమణి కొంగు పట్టుకుని అంచును పరీక్షగా చూసింది. అది తండ్రి అంచు. ఆయన నేస్తున్న చీర ఇంకా మగ్గం దిగనేలేదు.

అనుమానం మొదట చిన్నాన్న గుర్వయ్య మీద పడింది. ఫోన్ చేసి కడిగేసింది.

"మీ బాపు నన్ను గడప తొక్కనియ్యడు. నేనెట్ల చూస్త బిడ్డా?" అని ఆ పెద్దమనిషి ఏడ్చినంత పని చేశాడు.

ఇంటికొచ్చి చెబితే భర్త దినేశ్ అడిగాడు. "గా జిప్ ఫైలు ఎన్నడన్న విప్పి చూసినవా?"

"కోడంత నేను చదివిందే గదా!"

"నువ్వు చదివిందే ఆళ్లకు పోతాందని ఎవలు చెప్పిన్రు?"

విప్పింది. గిట్‌లో లేని చిన్న ఫైలు ఒకటి అందులో ఉంది. నేతగాళ్లు ప్రోగ్రాములో దాచుకున్న ప్రతి అంచుకూ నకలు తీసి ఎక్కడికో పంపుతోంది, ఎనిమిది నెలలుగా. శ్రీశైలానికి మెయిలు పెడితే జవాబు లేదు. జిప్ ఫైళ్లన్నీ పీకేసి, ఇకమీదట పేటలోని కంప్యూటర్లు నేరుగా గిట్ నుంచే ప్రోగ్రాము తెచ్చుకునేలా మార్చింది. లోకాన్నంతా అనుమానించి, అనుమానించాల్సిన చోట కళ్లు మూసుకున్న ఘనత మన రోజారమణిది. తన మీద తనకే అసహ్యం వేసింది.

మరునాడు పొద్దున్నే నారాయణపేట బస్సెక్కింది. చిన్నాన్నకు దండం పెట్టి తప్పయిందని ఒప్పుకుంది. తర్వాత తండ్రి ఎదుట నిలబడి, ఏదీ దాచకుండా చెప్పేసింది.

వెంకటరాజం సగం నేసిన చీరను చేత్తో తడిమాడు. "నాలుగు నెలలు కూసుండి గీసిన అంచు. మరమగ్గం మీద అగ్గువకు దొరుకుతుంటే ఇగ దీన్ని ఎవలు కొంటరు?" అన్నాడు.

ఆమె వచ్చి మగ్గం పక్కన కూర్చుంది.

"అంచును కంప్యూటర్ల పెట్టనంటే పెట్టిచ్చినవ్" అన్నాడాయన, కోపం లేకుండానే. "తమ్ముణ్ణి గూడ నమ్మనోణ్ణి బిడ్డా, నిన్ను నమ్మిన."