ఇంగువ తగ్గిన సీజన్

మేముంటున్న పరదేశపు ఊరు వెర్రిబీలో మా పక్కింటి పాండురంగ గారిది ఒకటే పిచ్చి. ఆట మొదలుకాకముందే గెలుపు పులిహోర కలిపేస్తారు.

మా పేట అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ఈ ఏడు జైరామ్ అనే ఫిజీ తెలుగాయన కొత్త కోచ్‌గా వచ్చాడు. మొదటి ఆట ఓడారు. రెండో ఆటకి పాండురంగ గారు గిన్నెతో హాజరు. గెలిచాక మొదలుపెడితే చింతపండు ఎప్పుడు నానాలని ఆయన వాదన.

అదీ ఓడారు. ఆయన రెండు మెతుకులు నోట్లో వేసుకుని, తప్పు ఆటగాళ్ళది కాదని, ఇంగువ తగ్గిందని తేల్చారు. మరుసటి వారం పల్లీలు మాడాయి. ఆ పై వారం కరివేపాకు ముదురు. నలభై పాయింట్ల తేడాతో ఓడిన రోజున ఉప్పూ పులుపూ రెండూ తన తప్పేనని ఒప్పుకున్నారు.

ఓటములతోపాటు గిన్నె కుక్కరయింది, కుక్కరు గుండిగయింది.

"వేంకటేశ్వరస్వామికి శనివారం చిన్న గిన్నెడు, వీళ్ళకి గుండిగెడా?" అని భార్య కాత్యాయని గారు అడిగితే, "స్వామి ఎన్నడూ ఓడలేదు కదే" అన్నారట.

తొమ్మిది ఓటములయ్యాక లీగు నుంచి కబురొచ్చింది. చివరి ఆటకి పదకొండు మంది దిగకపోతే వచ్చే ఏడు జట్టు ఉండదు. ఆ రోజు వాన, ఎముకలు కొరికే గాలి. జైరామ్ గేటు దగ్గర నిలబడి తలలు లెక్కపెడుతున్నాడు. ఏడుగురు. ఎనిమిది. నేను మనసులో స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. చివరికి ఇరవై ఇద్దరొచ్చారు. వచ్చినవాడల్లా ముందు అడిగింది ఒకటే, "అంకుల్, విక్టరీ రైస్ ఉందా?"

మూడంటే మూడు పాయింట్ల తేడాతో ఓడారు. ఈసారి ఆవాలు సరిగ్గా చిటపటలాడలేదట. జట్టంతా నవ్వుతూ పేపర్ ప్లేట్లు పట్టుకుంది. వచ్చే ఏడూ తనే కోచ్‌నని జైరామ్ నోటినిండా పులిహోరతో ప్రకటించాడు.

ఖాళీ గుండిగని చెరోవైపు పట్టుకుని కారు దాకా నడుస్తుంటే పాండురంగ గారు మెల్లగా అడిగారు.

"ఏమండీ, మనవాళ్ళు అటు పరిగెత్తాలా, ఇటా?"

నేను ఆగిపోయాను. ఆటే తెలియకపోతే ఇన్ని వారాలుగా ఎందుకు వస్తున్నారన్నాను. మొదటి ఓటమి నాడు వాకింగ్‌కి వెళ్తూ చూశారట. అందరూ వెళ్ళిపోయాక జైరామ్ కార్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో విప్పని శాండ్‌విచ్.

"ఓడావు, తిను నాయనా అంటే ఎవరు తింటారండీ? గెలుస్తారని చేశాను, పారేయాల్సొస్తుందంటే తింటారు."

"అయితే నిజం చెప్పండి, ఇంగువ ఎప్పుడైనా తగ్గిందా?"

"మా ఇంట్లో ఇంగువ తగ్గడమేమిటండీ?" అన్నారాయన, కాస్త నొచ్చుకుని.