మా చిన్నాయన కారు క్లచ్ చెడగొట్టింది నేను కాదు

ముందుగా మా బంధుమిత్రులకూ, వీధి పెద్దలకూ, ఇన్నేళ్లుగా ప్రతి పెళ్లిలో నన్ను వేలెత్తి చూపి నవ్విన మహానుభావులందరికీ చేతులు జోడించి క్షమాపణలు. ఈ రోజు మీ మనసులు నొచ్చుకుంటాయి. ఏం చేయను... నిజం అలాంటిది.

మా చిన్నప్పుడు... మదనపల్లెలో మా ఇంటి వాకిట్లో ఒక ఎర్ర కారు ఉండేది. రెండే సీట్లు, పైన టాపు లేదు. టమోటాకు మంచి రేటు పలికిన ఏడు మా చిన్నాయన బెంగళూరు వెళ్లి, ఆ పాత విలాయతీ స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. ట్రాక్టరు తెస్తాడనుకున్న తాత మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

కారుకు ఒకటే జబ్బు. క్లచ్ కారేది. ఆ కారులో క్లచ్ తొక్కితే సన్నటి గొట్టంలో ఆయిల్ కదిలి కింద క్లచ్‌ను నెట్టాలి. కిందున్న రబ్బరు కప్పు అరిగి, ఆయిల్ కాస్తా బొట్టు బొట్టుగా నేలపాలయ్యేది. పెడల్ తొక్కితే అది అక్కడే పడుకునేది. గేరు పడేది కాదు. అమ్మ ముగ్గేసిన చోటల్లా జిడ్డు మరకలు...

ఒకరోజు తాత తేల్చేశాడు.

"ఆదివారం పొద్దు గూకేలోగా అది దానంతట అది కదలల్ల. లేదంటే గుజిరీ అంగడోనికి పాత ఇనుము కింద ఏసేస్తా."

చిన్నాయన ఆ రాత్రే మెకానిక్‌కు కబురు పెట్టాడు.

ఆదివారం పొద్దున్నే పుంగనూరు నుంచి మెకానిక్ రెడ్డెప్ప వచ్చాడు. కుప్పం దాకా వెతికి తెచ్చిన, సరిపోయే రబ్బరు కప్పు బిగించాడు. కారడం ఆగింది. ఇక మిగిలింది గొట్టంలో చేరిన గాలి తీయడం. పైన ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి. కింద రెడ్డెప్ప గొట్టం చివరి మర వదులు చేసి, గాలి పోయాక బిగించాలి. చిన్నాయన ఆయిల్ డబ్బా పట్టుకున్నాడు. పెడల్ మీదికి నేను.

"తొక్కు నాయనా... పట్టు. నేను బిగిచ్చేదాకా ఇడవద్దు. ఇడిస్తే గాలి మళ్లా లోపలికి పోతాది" అని కారు కిందినుంచి చెప్పాడు రెడ్డెప్ప.

నాకప్పుడు పదకొండేళ్లు. పెడల్ అందాలంటే సీటు అంచుకు జారాలి. జారితే రోడ్డు కనబడదు. ఆకాశం, స్టీరింగ్, నేను... వీధి పిల్లలంతా గోడెక్కి నన్నే చూస్తున్నారు.

మధ్యాహ్నమైంది. గాలి వస్తూనే ఉంది.

"యాడ్నుంచి వస్తాందప్పా ఇంత గాలి? ఈ కారేమన్నా ఊపిరి పీలుస్తాండాదా?" అన్నాడు రెడ్డెప్ప.

"నీకు పని రాదని చెప్పు రెడ్డెప్పా, కారును అనొద్దు" అన్నాడు చిన్నాయన.

"అనక ఏంజేసేది? అచ్చం నీ మాదిరే ఉండాది. ఎవురు చెప్పినా ఇనదు."

పొద్దు గూకింది. కారు కదల్లేదు. మరునాడు గుజిరీ అంగడతను లారీ తెచ్చాడు. చిన్నాయన గదిలోంచి బయటికి రాలేదు. రెడ్డెప్ప మాత్రం పుంగనూరు నుంచి మళ్లీ వచ్చి, "ఇంగొక్క దినం ఇయ్యి పెద్దాయనా" అని తాతను అడిగాడు. తాత ఇవ్వలేదు. కారు లారీ ఎక్కింది.

ఆ తరువాత మొదలైంది నా మీద విచారణ... పెడల్ మీద కూర్చున్నది నేనే కదా మరి. ఆయిల్ డబ్బాలో చక్కెర పోశానన్నాడు మా పెదనాన్న. అయ్యా, మా ఇంట్లో చక్కెర బీరువాలో ఉండేది, తాళం అమ్మ కొంగున ఉండేది. రబ్బరు కప్పు కోసి ఉండేలు చేసుకున్నానన్నాడు మా మామ. నా ఉండేలుది సైకిల్ ట్యూబని ఊరంతా ఎరుగును. "వీని పాదం పడినాక ఇంగేం మిగుల్తాది" అని మా అత్త ఇప్పటికీ అంటుంది. నా పాదానికి అంత మహిమే ఉంటే, ముందు మా లెక్కల సారు గడప తొక్కి ఉండేవాణ్ణి.

ఇవన్నీ పచ్చి అబద్ధాలు. డిగ్రీ చదివినవాడిగా, బాధ్యత గల పౌరుడిగా ఖండిస్తున్నాను.

ఇప్పుడు చిన్నాయన కొన్న కొత్త ఆటోమేటిక్ కారుకు క్లచ్ పెడలే లేదు. వాకిట్లో ఒక్క బొట్టు కారదు... దాని చుట్టూ నలుగురు చేరాల్సిన పనీ లేదు. మీరు చేయని ఏ నేరం మీ ఇంట్లో మీ నెత్తిన ఉందో కామెంట్లలో రాయండి. కలిసి కడిగేసుకుందాం.

నేను చేసింది ఒక్కటే. రెడ్డెప్ప మర తిప్పిన ప్రతిసారీ, ఆయన బిగించకముందే కాలు కొంచెం వదిలేవాణ్ణి.

పని అయిపోతే డ్రైవరు సీట్లోంచి దిగమంటారని.